నడుముకో వల ఉయ్యాల

పందొమ్మిది వందల డెబ్బైల చివర్లో నా నడుం పట్టేసింది. అప్పటికి నాకు ముప్పై కూడా నిండలేదు. ఆ వయసులో నడుంనొప్పి అంటే ఎవరైనా నవ్వుతారు, మా ఆవిడైతే పగలబడి నవ్వింది. ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందని వైజాగంతా హడావిడిగా ఉన్న రోజులవి. రోడ్లకీ, కాలవలకీ, కరెంటు లైన్లకీ ఎక్కడ చూసినా సర్వేలే. అలాంటి ఒక సర్వే పార్టీలో నేను గొలుసు లాగేవాణ్ణి. అంటే ఇనప గొలుసు భుజాన వేసుకుని, ఇంజనీరుగారు చూపించిన వైపుకి పొదలూ గట్లూ దాటుకుంటూ పోయి నేల కొలవడం. గాజువాక పక్క వ్యవసాయం ఇంట్లోంచి వచ్చినవాణ్ణి, నాకు నడక ఒక లెక్క కాదు. పడక దగ్గరే వచ్చింది చిక్కంతా.

భీమిలి దాటాక కొండల కింద జీడితోటల్లో ఉండేవి మా గుడారాలు. వారానికోసారి వాటిని పీక్కుని ముందుకు జరగాలి. ఎవరి సామాను వాళ్లే మోసుకోవాలి. ఇంజనీరుగారికి మడతమంచం ఉండేది, దాన్ని మోయడానికి మనిషీ ఉండేవాడు. మాకు చాప, దాని కింద నేల. నేలలో చెమ్మ, చెమ్మ కింద రాళ్లు. పొద్దున్న లేచేసరికి నడుం చెక్కలా బిగుసుకుపోయేది. చెప్పులు వేసుకోవడానికి వంగాలంటే ప్రాణం మీదికొచ్చేది.

ఇంటికి పోయి పది రోజులు పడుకుంటే తగ్గిపోయేదే. పడుకుంటే మాత్రం ఉద్యోగం తగ్గిపోతుంది. మేమంతా మస్టర్ రోల్ మీద, అంటే హాజరు పట్టీ లెక్కన, దినకూలీలం. ఏడాది పొడవునా ఒక్క నాగా లేకుండా పని చేసినవాళ్లని పర్మినెంటు చేస్తామని ఆఫీసులో చెప్పారు. ఆదివారం ఒక్కటే సెలవు. మిగతా రోజుల్లో జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లయినా సరే, పొద్దున్న మా కూలీల పెద్ద, మేటు, పేరు పిలిచినప్పుడు పలక్కపోతే నాగా. ఒక్క నాగా పడిందంటే ఆ ఏడాదంతా బూడిదలో పోసినట్టే. నాకు అప్పటికి ఏడు నెలలు నిండాయి. ఇంకో అయిదు నెలలు ఈ నడుంతో ఈడ్చాలి.

గొలుసు రెండో కొస పట్టుకునేవాడు నాకంటే రెండేళ్లు పెద్ద. భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున వేటకెళ్లే ఇంటివాడు. ఒకసారి గాలివానలో పడవ తిరగబడి ఒక రాత్రంతా చెక్క పట్టుకుని తేలాడట. ఒడ్డున పడ్డాక, ఇంక చచ్చినా సముద్రంలోకి వెళ్లనని వాళ్లమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. అందుకే మా పార్టీలో చేరాడు. ఇద్దరం ఒకే రోజున చేరాం. బావా అంటే బావా అనుకునేవాళ్లం. ఆ పర్మినెంటు నాకెంత కావాలో అతనికి అంతకు రెండింతలు కావాలి.

"ఇలగైతే నువ్వు నిలవ్వు బావా," అన్నాడొక రోజు, నేను గట్టు ఎక్కలేక చతికిలబడితే. "వల ఉయ్యేల ఒకటి కట్టీసుకో. మావోళ్లు అందులోనే పడుకుంతారు. సుట్టేత్తే సంచీలో పట్టేత్తాది. ఏ తోటకెల్లినా రెండు సెట్లు సాలు."

నాకూ నచ్చింది. ఆ ఆదివారం ఇద్దరం బస్సెక్కి వైజాగ్ వెళ్లాం. హార్బరు దగ్గర పాతవూళ్లో, ఓడల్లోంచి దిగిన పాతసామాను అమ్మే కొట్టొకటి ఉండేది. ఇత్తడి లాంతర్లు, గుండ్రటి అద్దాలు, మోకులు, తారు వాసన. దూలానికి రెండు ఉయ్యాలలు వేలాడుతున్నాయి. ఒకటి వలలా అల్లింది. రెండు కొసల్లోనూ ముడుచుకుపోయి, ఎండిన సొరకాయ తొక్కలా ఉంది. రెండోది దళసరి కేన్వాసు. రెండు చివర్లలోనూ కర్ర బద్దలు వేసి బల్లపరుపుగా చాచి ఉంది. నాకు చూడగానే అదే నచ్చింది. ఎందుకంటే అది మంచంలా ఉంది.

మా బావ దాన్ని వేలితో ఇలా పొడిచి, "ఇది తిరగబడిపోద్ది బావా, ఒత్తిగిల్లేవంటే బోర్లా పడతావు. ఆ వలది తీసుకో," అన్నాడు.

"నీకు పడవలు తెలిత్తే తెలిసుంతాది గానీ, పడక సంగతి నాకు సెప్పకు," అన్నాను. ఎవరైనా ఇలా కాదు అలా అన్నారంటే నాకు ఒళ్లు మండుకొస్తుంది. అది నా జబ్బు.

చెట్టుకి కట్టడానికి ఏం కావాలని కొట్టువాడు అడిగాడు. నైలాను తాడుంది, కొబ్బరి మోకుంది, ఓడలో సరుకు లేపడానికి వాడే బెత్తెడు వెడల్పు పట్టీలున్నాయి. మా బావ పట్టీల మీద చెయ్యి వేశాడు. నేను కొబ్బరి మోకు తీసుకున్నాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మా ఇంట్లో పశువునైనా, మోపునైనా, మంచాన్నైనా కొబ్బరి తాడుతోనే కట్టాం. దానికి పైవాళ్ల సలహా ఎందుకనుకున్నాను.

సోమవారం పని దిగాక, గుడారం పక్కనే రెండు జీడిచెట్లు చూసి ఉయ్యాల కట్టాను. ఎలా కట్టానో చెప్పాలి. మా రైతుల ఇళ్లలో నులక మంచం వదులైతే ఊరుకోరు. కాళ్లవైపు కర్రకి పాదం తన్నిపెట్టి, పళ్లబిగువున తాడు లాగి, వేలితో కొడితే టంగుమనేలా బిగిస్తారు. వదులు మంచం మీద పడుకుంటే నడుం పోతుందని మా నాన్న నాకు ఎప్పుడూ చెప్పేవాడు. నేనూ అలాగే జీడిచెట్టుకి కాలు తన్నిపెట్టి లాగాను. ఉయ్యాల బల్లలా బిగుసుకుంది. వేలితో కొట్టి, "సూసేవా?" అన్నాను మా బావతో. అతను బీడీ ముట్టించుకున్నాడు.

పార్టీ అంతా చుట్టూ చేరారు. ఇంజనీరుగారు కూడా టీ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. నేను దర్జాగా ఎక్కి వెల్లకిలా పడుకున్నాను. రెండు నిమిషాలు స్వర్గమే. తర్వాత ఇంజనీరుగారు ఏదో అడిగితే అటు తిరిగాను. అంతే. ఆకాశం కిందికీ నేను పైకీ వెళ్లినట్టయింది. కళ్లు తెరిచేసరికి నేల మీద బోర్లా ఉన్నాను, నోట్లో జీడాకులు. నవ్వులే నవ్వులు. పరువు పోతే పోయింది, నడుం కూడా పోయింది. లేవబోతే లేవలేకపోయాను. అదే సమయానికి తోటవాడు వచ్చి, మోకు దిగిన చోట బెరడు తెగి జిగురు కారుతుంటే చూసి, "ఏటి బాబూ, సెట్టు పీక కోసేత్తన్నారు?" అని తగులుకున్నాడు.

మర్నాడు ఇద్దరు రెక్కలు పట్టుకుని నిలబెడితే, పేరు పిలిచినప్పుడు పలికాను. ఇంజనీరుగారు జాలిపడి, ఆ రోజుకి గొలుసు మానిపించి, కొలతల యంత్రానికి ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని నిలబడమన్నారు. నిలబడ్డానే గానీ, రేపు కూడా ఇలా నిలబడగలనని నమ్మకం లేదు. ఆదివారం దాకా ఎలా గడుస్తుందా అని భయం పట్టుకుంది. ఆ మాటే మా బావతో అన్నాను. ఏడుపొచ్చింది కూడా, ఇప్పుడు దాచుకోవడం ఎందుకు.

బుధవారం పొద్దున్న మేటు మా బావ పేరు పిలిచాడు. పలకలేదు. గెడ్డ దగ్గరికి, అదే వాగు దగ్గరికి, వెళ్లాడేమో అనుకున్నాను. ఎండెక్కినా రాలేదు. సాయంత్రం అందరం తిరిగొచ్చేసరికి గుడారం ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన తెల్లజుట్టు ముసలావిడ, ఒళ్లో నీలం నైలాను వల మూట. వాళ్లమ్మ.

"నాగా పడిపోయింది కదా బావా!" అన్నాను గాభరాగా.

"మేటుకి సెప్పే ఎల్లాను. వొచ్చే ఆదివారం పన్జేసి కలిపీసుకోమన్నాడు. నువ్వు ఊరుకో," అన్నాడు.

నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు హాయిగా ఉంది, అందుకని నమ్మేశాను.

బావ అన్నాక వాళ్లమ్మ నాకు అత్తే కదా. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏదీ, ఎలగ కట్టేవో సూపించు అల్లుడూ," అంది. కర్ర బద్దల ఉయ్యాల కట్టి చూపించాను. నొప్పితో మూలుగుతూనే, అలవాటు కొద్దీ చెట్టుకి కాలు తన్నిపెట్టాను. ఆవిడ కిసుక్కుమని నవ్వింది.

"మంచం బిగించినట్టు బిగించేత్తన్నావేటి నాయినా! బిగిత్తే తోసేత్తాది. అది ఒదులుగుంటేనే మనిసిని పట్టుకుంతాది. తీసీ ముందు."

తన మూట విప్పింది. పడవ మీద పనికిరాని వల తెచ్చి, దాని కళ్లు, అంటే కన్నాలు, చిన్నవి చేసి మళ్లీ అల్లిన ఉయ్యాల అది. నిలువు కంటే అడ్డం ఎక్కువుందేమో అనిపించేంత వెడల్పు. కొడుకు పొద్దున్నే వెళ్లి అడిగితే, ఇంట్లో సగం అల్లి ఉన్నదాన్ని మధ్యాహ్నానికల్లా పూర్తి చేసి, తనే బస్సెక్కి వచ్చింది. చెట్లకి కట్టడానికి మంచానికి నేయగా మిగిలిన నవారు తెచ్చింది. దాన్ని మాను చుట్టూ రెండు చుట్లు వెడల్పుగా, మడత పడకుండా తిప్పి, కొసన ఉచ్చు వేసి, ఉయ్యాల తగిలించింది. నవారు ఎక్కడా బెరడులోకి దిగలేదు, కిందికి జారలేదు. ఉయ్యాల మాత్రం మధ్యలో బాగా కిందికి వేలాడుతోంది. మా నాన్న చూస్తే ఎవడు కట్టాడ్రా ఇది అని తిట్టిపోసేవాడు.

"నిలువుగా పడుకోకు. ఐమూలగా పడుకో. తల ఇటు, కాళ్లు అటు," అంది.

పడుకున్నాను. వీపు కింద వల నెమ్మదిగా చదునుగా పరుచుకుంది. నడుంలో ఏదో మెలిక విడిచినట్టయింది. అమ్మయ్యా అని పైకే అనేశాను. నేను ఏడు నెలలుగా మరిచిపోయిన సుఖం అది. ఆవిడ ఒక్క తోపు తోసి, ఆఖరి బస్సుకి టైమైపోతోందని కొడుకుని బస్సు దాకా వెంటబెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత అయిదు నెలలూ నాకు దిగుల్లేదు. గుడారం ఎక్కడికి మారినా ముందు రెండు చెట్లు చూసుకునేవాణ్ణి. సరుగుడు చెట్లు మరీ ఊగుతాయి, తాటిమాను నవారుని గీసేస్తుంది, జీడిచెట్టే మేలు. చెట్టుకీ చెట్టుకీ ఎంత దూరముండాలో మా గొలుసుతోనే కొలిచేవాణ్ణి, అధికారికంగా. వర్షం వచ్చే రోజున గుడారం కర్రలకి కట్టేవాణ్ణి. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, పొద్దున్న పేరు పిలిస్తే నా కాళ్ల మీద నేను నిలబడి పలికేవాణ్ణి. ఇంజనీరుగారు కూడా ఒక మధ్యాహ్నం సిగ్గుపడుతూ వచ్చి, కాసేపు పడుకోవచ్చా అని అడిగి, గంట సేపు గురక పెట్టారు. మా బావ అన్న మాట ప్రకారం ఆ ఆదివారం ఒక్కడూ గొలుసు తుడిచి, గూటాలు చెక్కి, పని చేశాడు. నేను ఉయ్యాల్లోంచి చూశాను.

ఏడాది నిండాక పార్టీ పని ముగిసింది. వైజాగ్ ఆఫీసులో గోడకి లిస్టు అంటించారు. నా పేరు పైనుంచి మూడోది. కింది దాకా చదివాను, మళ్లీ చదివాను. మా బావ పేరు లేదు. అతను నా వెనకాలే నిలబడి, "నీ పేరుంది బావా, సూడు, పైనే ఉంది," అంటున్నాడు, నాకు కనపడలేదేమో అన్నట్టు.

నేను గుమాస్తా మీదికి వెళ్లాను. ఆయన రిజిస్టరు తిరగేసి చూపించాడు. ఏడాది మొత్తంలో ఒకే ఒక్క నాగా. ఆ బుధవారం. ఆదివారం పని చేశాడు కదా అన్నాను. ఆదివారాలు మస్టర్‌లో ఎక్కవన్నాడు. మేటు ఒప్పుకున్నాడన్నాను. పక్కనే నిలబడ్డ మేటు తల దించుకున్నాడు. నాకు పట్టరాని కోపం వచ్చి బల్ల గుద్దాను. గుమాస్తా కళ్లద్దాలు తీసి, "ఏం, నీ పేరు కూడా కొట్టెయ్యమంటావా?" అన్నాడు.

నా నోరు మూతపడిపోయింది. కొట్లో బావ మాట అన్నా, తోటవాడు మాట అన్నా, కట్టుకున్నది మాట అన్నా ఊరుకోని నోరు అది. కావలసిన రోజున లేవలేదు. చేరినట్టు కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాను. బయటికి వచ్చేసరికి మా బావ టీ తాగుతూ నాకూ ఒకటి చెప్పి ఉంచాడు. "ఒదిలీ బావా. మనలో ఒకడికి ఒచ్చింది కదేటి," అన్నాడు. ఆ టీ గ్లాసు అలాగే బల్ల మీద పెట్టేశాను.

నెలా నెలన్నర నేను వాళ్ల ఊరి వైపు వెళ్లలేకపోయాను. సిగ్గు. తర్వాత ఒక ఆదివారం మనసు రాయి చేసుకుని బస్సెక్కాను. ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. ఇసకలో వాళ్లమ్మ వల ముందేసుకుని తెగిన కళ్లు అల్లుతోంది. కొడుకు ఏడని అడిగాను. ఆవిడ సూది ఆపకుండానే గడ్డంతో సముద్రం వైపు చూపించింది. అలల అవతల నాలుగైదు పడవలు కనిపిస్తున్నాయి, ఏది ఎవరిదో నాకు తెలియలేదు. 

ఆవిడ తలెత్తి నన్ను చూసి, పక్కన ఇసక చేత్తో చదును చేసి, "కూకో అల్లుడూ. నడుం ఎలగుంది?" అంది.

"బాగుందత్తా," అన్నాను.

"అదే సాలు. ఆడు ఒడ్డుకొచ్చినప్పుడల్లా అడుగుతుంటాడు."