వరుసలో నడిమి ఇల్లు

ఆఫీసులో ఆమెను అందరూ మధ్యగతం మేడమ్ అనేవారు. సగటు అనే మాట వింటే ఆమెకు ఒళ్ళు మండేది. "ఒక కోటీశ్వరుడొచ్చి మన వీధిలో ఇల్లు కట్టుకుంటే సగటున అందరం లక్షాధికారులమే. ఎవరి కడుపు నిండిందట?" అనేది. జిల్లాలోని ఇళ్ళన్నిటినీ ఆదాయాన్ని బట్టి వరుసలో నిలబెట్టి, సరిగ్గా నడిమధ్యనున్న ఇల్లు ఏడాదికెంత సంపాదిస్తోందో చెప్పడం ఆమె ఉద్యోగం. అన్ని గడపలూ తొక్కడం ఎవరి తరమూ కాదు. చిన్న జిల్లాల్లో సర్వేవాళ్ళు వెళ్ళేది కొద్ది ఇళ్ళకే. మిగతాది పన్నుల వివరాలతో, ఉద్యోగాల వివరాలతో సరిచూసుకుని అంచనా కట్టాలి. ఏ జిల్లాకు సర్కారు సాయం అందాలో ఆ అంచనాను బట్టే తేలేది.

అలాంటి ఓ చిన్న జిల్లాలోనే ఆమె తమ్ముడు బట్టల మిల్లులో మెకానిక్‌గా పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డాక ఏదో వర్క్‌షాపులో చేరాడు. ఎలా ఉన్నావురా అంటే "నడుస్తోందిలే అక్కా" అనేవాడు. గుచ్చి గుచ్చి అడిగితే నొచ్చుకుంటాడని ఆమెకు మొహమాటం. చెబితే అక్క డబ్బు పంపుతుందేమోనని వాడికి బెరుకు. అలా ఫోన్లో వాళ్ళ మాటలు వాతావరణం దగ్గరా, మోకాళ్ళ నొప్పుల దగ్గరా ఆగిపోయేవి.

ఆ ఏడు తమ్ముడి జిల్లా అంకె ఒక్కసారిగా పైకి లేచింది. మిల్లు పోయిన చోట ఆదాయం పెరగడమేమిటని ఆమె మనసు కలుక్కుమంది. పై అధికారి దగ్గరికి వెళ్ళి అదే మాట అంది.

"సర్వేలో వచ్చిందే కదండీ అది. ఎక్కడో ఒకచోట మంచి జరిగిందంటే నమ్మలేరా?" అని ఆయన నవ్వాడు.

నమ్మాలని ఆమెకూ ఉంది. అక్కడున్నది తమ్ముడాయె. వేరే జిల్లా అయితే ఆ అంకెను నాలుగు వైపుల నుంచీ తిప్పి తిప్పి చూసేది. ఈసారి సంతకం పెట్టేసింది. ఆ సంబరం దాచుకోలేక ఇంటికి రాగానే ఫోన్ చేసింది.

"మీ జిల్లా పుంజుకుందిరా! నువ్వు చెప్పకపోయినా నా అంకెలు చెప్పేశాయి."

"అవునా అక్కా? మంచిదేలే" అన్నాడు తమ్ముడు.

కొన్ని నెలలకు ఆ జిల్లా సాయం జాబితాలోంచి పోయింది. మరుసటి ఏడు ఆ వైపు ఏదో పనిపడి, చెప్పాపెట్టకుండా తమ్ముడింటికి వెళ్ళింది. తలుపు తీసింది ఎవరో కొత్త మనిషి. తమ్ముడి భార్యకు చెల్లెలట. గుమ్మం ముందు కాలు పెట్టే సందు లేనన్ని చెప్పులు. ముందుగదిలో చుట్టిన పరుపులు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. తమ్ముడి సంసారం, మరదలి చెల్లెలి సంసారం, మరదలి అమ్మానాన్నా, అందరికీ ఒకటే వంటగది.

సాయంత్రం మేనకోడలు సూపర్‌మార్కెట్ యూనిఫాంలో వచ్చింది.

"కాలేజీ లేదుటే నీకు?"

"మానేశాను అత్తా. జిల్లాకు సాయం ఆగిపోయాక ఫీజు మాఫీ ఎత్తేశారుగా" అంది ఆ పిల్ల, జుట్టుకున్న క్లిప్పు తీసుకుంటూ.

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "ఇక్కడ అందరూ ఇలాగే ఉంటున్నారా?"

"విడివిడిగా అద్దెలు ఎవరు కట్టగలరక్కా? మిల్లు పోయాక అంతా ఒక్కచోటికి చేరాం. పక్కింట్లోనూ ఇంతే, ఎదురింట్లోనూ ఇంతే."

ఆమెకు అప్పుడర్థమైంది. మూడిళ్ళ అరకొర జీతాలు ఒక్క ఇంటి ఆదాయంగా లెక్కకొచ్చాయి. ఇళ్ళు తగ్గి, ఇంటికి సంపాదించే చేతులు పెరిగాయి. అంకె లేచింది అందుకే. ఒక్కో ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఆ సర్వేలోనే ఉంది. ఆమె చూడలేదు.

"ఫోన్ చేసినప్పుడైనా చెప్పొచ్చు కదరా!"

"నువ్వెంత సంతోషంగా చెప్పావో నీకు తెలీదక్కా. నాకు నోరు రాలేదు."

తిరిగి వెళ్ళాక ఆమె పై అధికారితో పోట్లాడి, అంచనాలో ఇంట్లోని మనుషుల సంఖ్యనూ చేర్పించింది. ఆ తర్వాతి ఏడు జిల్లాకు సాయం మళ్ళీ వచ్చింది. అచ్చయిపోయిన పాత అంకెను మాత్రం ఎవరూ దిద్దలేదు.

మేనకోడలికి ఫోన్ చేసి బతిమాలింది. "మళ్ళీ చేరవే తల్లీ. మాఫీ రాకపోతే ఫీజు నేను కడతాను."

"నాతోటివాళ్ళంతా పాసై వెళ్ళిపోయారత్తా. ఇప్పుడు పుస్తకం పట్టుకుంటే నిద్రొస్తోంది. ఇక్కడ నన్ను సూపర్‌వైజర్‌ని చేస్తామంటున్నారు తెలుసా?" అని నవ్వింది ఆ పిల్ల. నిజంగానే నవ్విందో, అత్త కోసం నవ్విందో ఆమెకు అంతు పట్టలేదు.

అప్పటినుంచి ఆమె సెలవు దొరికితే చాలు, తమ్ముడింటికి వెళ్ళేది. వాడు ఎప్పటిలాగే ఎదురొచ్చి సంచి అందుకునేవాడు. ఆ అంకె సంగతి ఏనాడూ ఎత్తలేదు. ఒక్కసారి నోరారా తిట్టి ఉంటే బాగుండేదని ఆమె రిటైరయ్యాక కూడా అనుకుంటూనే ఉండేది.