గోదారిలో కలిపిన సీడీలు

2023 వేసవి. రాజమండ్రిలో నా మల్టీమీడియా షాపు అప్పటికే సగం జిరాక్సు షాపుగా మారిపోయింది. ఒకప్పుడు సీడీల్లో పాఠాలు చేసిపెట్టేవాణ్ణి. దానికి ఆథరింగ్ టూల్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. బొమ్మ, గొంతు, అక్షరం మూడింటినీ ఒకచోట కుట్టిపెడితే, బొమ్మ మీద నొక్కగానే పాఠం పలికేది. దాన్ని తయారుచేసినవాళ్ళు ఎప్పుడో ఆపేశారు. కొత్త కంప్యూటర్లలో ఆ సీడీలు తెరుచుకోవు.

ఆ టూల్ మళ్ళీ వస్తోందని ఆ వేసవిలో మా వృత్తివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పుకారు లేచింది. పుట్టించిందెవరో తెలీదు, పంచింది మాత్రం అందరూ. ఒకాయన ఏకంగా విడుదలకు ముహూర్తం కూడా పెట్టేశాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, వాట్సాప్‌లో వస్తుంది. నేను నమ్మలేదు.

పుకారు గోదారి దాటి కోనసీమలో సోమయాజులుగారి చెవిన పడింది. ఆయన ఇంటి దగ్గర పిల్లలకు వేదం చెబుతారు. చాలా ఏళ్ళ కిందట వాళ్ళ గురువుగారి చేత పాఠాలు చెప్పించి నాతో సీడీ చేయించారు. తర్వాత గురువుగారు పోయారు. ఆ గొంతు మిగిలింది ఆ సీడీల్లోనే. పని అయ్యాక సోర్స్ ఫైళ్ళు, అంటే పాఠాల ముడిసరుకు, డిస్కుతో సహా కస్టమరుకే ఇచ్చేయడం నా పద్ధతి.

వార్త నిజమేనా అని ఆయన ఫోను చేశారు. టూల్ సంగతి వదిలేయండి, డిస్కులన్నీ పట్టుకురండి, గొంతు విడిగా తీసి పెన్‌డ్రైవులో వేసిస్తానన్నాను. అలాగేనన్నారు. కొన్నాళ్ళకు నవ్వుతూ వచ్చారు, వట్టి చేతులతో.

"డిస్కులేవండీ?" అన్నాను.

"ఇంక వాటితో పనేముందండీ, కొత్తది వస్తోందిగా. అన్నీ గీతలు పడిపోయాయి. శిష్యుల దగ్గరున్నవి కూడా తెప్పించి, పసుపు కుంకుమ పెట్టి కోటిపల్లి రేవులో గోదాట్లో కలిపేశానండి."

మా వైపు చిరిగిన వేదపుస్తకాన్ని చెత్తలో వేయరు, గోదారికిస్తారు. మంత్రం పలికిన సీడీలను ఆయన అదే గౌరవంతో సాగనంపారు. మనవరాలు కొత్త ఫోను కొంటే పాత ఫొటోలన్నీ వాటంతటవే వచ్చాయట. ఫోనులో నేను చెప్పింది ఆయన చెవికెక్కలేదు, టూల్ తిరిగొస్తే పాఠాలూ అలాగే దిగుతాయనుకున్నారు.

కుట్టుమిషను కొత్తది కొన్నంత మాత్రాన పారేసిన చొక్కా తిరిగి రాదు కదండీ అని చెప్పాల్సి వచ్చింది.

"అయితే మా గురువుగారిని నా చేత్తో నేనే కలిపేశానన్నమాట."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఒళ్ళు మండింది కూడా, పుకారు పంచినవాళ్ళందరి మీదా. ఆ పాఠాలు మీకు నోటికి వచ్చుగా, చెప్పండి, రికార్డు చేస్తానన్నాను. ఆయన మైకు ముందు కూర్చున్నారు. తడబాటు లేకుండా సాగిన స్వరం రెండో పాఠం మధ్యలో ఆగింది. చిన్నగా దగ్గి మళ్ళీ అందుకున్నారు. రికార్డింగు ఆపి, మంచినీళ్ళు కావాలా అని అడిగాను.

"వద్దండి. అక్కడ మా గురువుగారు దగ్గేవారు. సీడీ విని నేర్చుకున్న మా పిల్లలు కూడా అక్కడికి రాగానే ఆగిపోతారు."

వేదం నేర్పేటప్పుడు గురువు ఒకసారి చెబితే శిష్యుడు రెండుసార్లు తిరిగి చెప్పాలి. నా పనికీ అదే పద్ధతి కావాలని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఎవరు పాత పని పట్టుకొచ్చినా, నేను చెప్పింది వాళ్ళ నోటితో తిరిగి చెప్పించుకున్నాకే పంపిస్తున్నాను. ఆ టూల్ ఇప్పటికీ రాలేదు. సోమయాజులుగారి రికార్డు మాత్రం ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది, దగ్గుతో సహా.