కొండ మలుపులో బాబీ

నిన్న పాసిర్ రిస్‌లో మా ఫ్లాటు వెనక పార్కు దారి మొదట్లో కొత్త బోర్డు కనిపించింది. అడవి పంది బొమ్మ, దాని కింద నాలుగు భాషల్లో హెచ్చరిక. మలయ్ వరుసలో ‘బాబీ’ అన్న మాట చూసి ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. నవ్వు పూర్తికాకముందే పాత సంగతి గుర్తొచ్చింది. మలయ్‌లో బాబీ అంటే పంది. మా ఇంట్లో బాబీ అంటే మా తమ్ముడు. ఆ సంగతి తెలియక పదేళ్ళ కిందట వాణ్ణి చేజేతులా చావు ముందుకు తోసినంత పని చేశాను.

అప్పుడు నేనూ తమ్ముడూ ఈ దేశం వచ్చి సెరంగూన్‌లో కొత్తగా దిగాం. పక్క ఫ్లాటు ఆంటీ మలేషియాలో పుట్టిన తెలుగావిడ. తాతల నాడు రబ్బరు తోటలకు వెళ్ళిన కుటుంబం. ఆవిడ తెలుగు అచ్చం మా నాయనమ్మ మాట్లాడినట్టుండేది, కంగారు పుడితే మాత్రం నోట్లోంచి మలయే వచ్చేది. తమ్ముడు తువాస్‌లో ఓడల యార్డులో చేరి నెల కాలేదు. “వీడు మా బాబీ ఆంటీ” అని పరిచయం చేస్తే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “అయ్యయ్యో, ఆ పేరా! నేను తమ్ముడూ అంటాలేమ్మా” అన్నారు. ఎందుకో చెప్పలేదు, మొహమాటస్తురాలు. నేనూ అడగలేదు. మా అమ్మ పెట్టిన ముద్దుపేరుకు వంక పెడతారా అని మూతి ముడుచుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున్నే ముగ్గురం బుకిత్ తిమా కొండ ఎక్కాం. తిరుమల మెట్లెక్కినవాళ్ళకు అది కొండ కిందే లెక్క కాదు గానీ, ఉక్కపోతకు పావుగంటలోనే నా చీర కుచ్చెళ్ళు కాళ్ళకు అతుక్కుపోయాయి. చీర కట్టుకుని కొండెక్కే తెలివి నాది. పాత క్వారీలో నిలిచిన ఆకుపచ్చ నీళ్ళ మీద తెల్లపొట్ట గద్దొకటి తిరుగుతోంది. తమ్ముడు పులిహోర సంచి మోస్తూ అడుగడుక్కీ ఫోటో తీస్తున్నాడు, రెయిలింగు మీద కోతి ఆ సంచినే చూస్తోంది. అరవై దాటిన ఆంటీ మాకంటే ముందు నడిచి మలుపు తిరిగారు. ఇంతలో అటునుంచి కేక: “బాబీ! బాబీ! జాంగన్!”

జాంగన్ అంటే ‘వద్దు’ అని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు అర్థమైనది మొదటి మాట ఒక్కటే. ఆవిడ వాణ్ణి ఆ పేరుతో పిలవరన్న సంగతే తట్టలేదు. “ఆంటీ పడిపోయినట్టున్నారు. నిన్నే పిలుస్తున్నారు, పరిగెత్తరా!” అన్నాను. అక్క చెబితే మరో ప్రశ్న వేసే అలవాటు వాడికి లేదు. పరిగెత్తాడు.

నేను మలుపు తిరిగేసరికి ఆంటీ ఒక చెట్టుకు ఆనుకుని బిగుసుకుపోయి ఉన్నారు. దారికి ఒక పక్క చారల పంది పిల్లలు ఐదారు. ఇంకో పక్క తల్లి. సరిగ్గా మధ్యలో మా తమ్ముడు. తల్లి పంది వెన్ను మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, ముక్కుతో బుసకొడుతోంది. వాడు తల తిప్పకుండా, “అక్కా, ఏం చెయ్యమంటావ్?” అన్నాడు. చిన్నప్పట్నుంచీ వాడడిగిన ప్రతిదానికీ నా దగ్గర ఏదో ఒక జవాబుండేది.

జవాబు ఆంటీ ఇచ్చారు, ఈసారి తెలుగులో, చాలా మెల్లగా. “పరిగెత్తొద్దు తమ్ముడూ. వీపు చూపించొద్దు. మెల్లగా పక్కకి జరుగు, పిల్లలకి దారి ఇయ్యి.” వాడు ఒక్కడుగు జరిగాడు. కాలి కింద రాయి దొర్లింది. పంది ఒక్క ఉదుటున ముందుకొచ్చి, వాడికి రెండు బారల దూరంలో ఆగింది. నేను దేవుళ్ళందరికీ మొక్కేశాను, పేర్లు కలగాపులగం చేసి. వాడు ఇంకో అడుగు జరిగాడు. అప్పుడు ఒక పిల్ల కీచుమంటూ తల్లి దగ్గరికి ఉరికింది. మిగతావన్నీ దాని వెంట పడ్డాయి. తల్లి మమ్మల్ని ఇంకోసారి చూసి, పిల్లల్ని తోలుకుని పొదల్లోకి దిగిపోయింది.

తమ్ముడు దారి మీదే చతికిలపడ్డాడు. సంచి మాత్రం వదల్లేదు. “మలుపులోనే దాన్ని చూశానక్కా. కానీ ఆంటీ పిలుస్తున్నారని నువ్వన్నావుగా” అన్నాడు. ఆంటీ ఏడుస్తూ, “నిన్ను పిలవలేదయ్యా, పందీ పందీ అని అరిచాను” అని అసలు సంగతి బయటపెట్టారు. ముందే చెప్పలేదని ఆవిడ మీద మండిపడ్డాను. ఆ కోపమంతా నామీద నాకే అని ఆవిడకూ తెలుసు. ఆ తర్వాత చాలాకాలం వాణ్ణి అసలు పేరుతోనే పిలిచాను. ఒకరోజు వాడే, “అమ్మా నాన్నా పోయాక నన్ను బాబీ అనేది నువ్వొక్కదానివే కదక్కా, నువ్వూ మానేస్తే ఎలా?” అన్నాడు.

నిన్న బోర్డు దగ్గర నుంచే ఫోన్ చేసి, “ఒరేయ్ బాబీ!” అని గట్టిగా పిలిచాను. పక్కన నడుస్తున్న మలయ్ పెద్దమనిషి ఉలిక్కిపడి పొదలవైపు చూశాడు. చూస్తే చూడనీ అనుకున్నాను. వాణ్ణలా పిలిచే గొంతుల్లో మిగిలింది ఇదొక్కటే, ఇది మాత్రం ఇంకెన్నాళ్ళుంటుంది!