మా అమ్మ ద్రాక్షరసం కంపెనీ

మొన్న శుక్రవారం ఆరాధనలో ప్రభు భోజనం నా చేతికొచ్చింది: బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బీ, పైన వెండి కాగితం, ఆ కాగితం కింద తపాలా బిళ్ళంత రొట్టె, దాని కింద రసం. చింపగానే దగ్గుమందు వాసన కొట్టింది. అలవాటుకొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాను. పక్కనున్న పిల్ల కిసుక్కుమంది. పాపం, బహ్రెయిన్ అంతటికీ ద్రాక్షరసం సరఫరా చేసిన కంపెనీ వారసురాలి పక్కన కూర్చున్నానని దానికేం తెలుసు!

బహ్రెయిన్ అంతా అంటే మూడు తెలుగు క్రైస్తవ సహవాసాలు. కంపెనీ అంటే ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మా ఫ్లాటు వంటిల్లు, ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు ఊపిరి బిగబట్టాల్సినంత విశాలమైనది. యజమాని అమ్మ. రవాణా శాఖ నాన్న. తొడిమలు తీస్తూ, తీసినన్ని పళ్ళు నోట్లో వేసుకునే నాణ్యతా విభాగం నేను.

అంతకుముందు మేం కూడుకునే జింజ్ పేటలోని హాల్లో, వీధి చివరి కోల్డ్ స్టోరు అనే కిరాణా కొట్టు నుంచి తెచ్చిన డబ్బా రసమే పోసేవారు. ఒకసారి ఆ తీపికి చీమలు బల్లెక్కి, పాస్టరుగారి కంటే ముందే ప్రభు భోజనం పుచ్చుకున్నాయి. "కొన్న రసమేంటండీ, నేను కాస్తాను" అనేసింది భీమవరం నుంచి వచ్చిన మా అమ్మ. అంతే, కంపెనీ పుట్టింది.

వేసవిలో నాన్న మార్కెట్ నుంచి మోసుకొచ్చే లెబనాన్ నల్లద్రాక్ష పెట్టెలు, పొయ్యి మీద పళ్ళు చిట్లుతుంటే మెట్ల దాకా పాకే తియ్యటి ఆవిరి, కొళాయికి మూటగట్టి వేలాడదీసిన అమ్మ పాత వాయిల్ చీర నుంచి టపటపా రాలే ఊదారంగు చుక్కలు, ఆ రంగే అంటుకున్న నాన్న బనీన్లు, మా చపాతీలు, చివరికి నా లెక్కల పుస్తకం... ఇవన్నీ కలిస్తే మా ఇల్లు. రంజాన్ వెళ్ళగానే పక్కింటి బహ్రెయినీ ఆవిడ ఖాళీ షర్బతు సీసాలు సంచీనిండా పంపేది. పిప్పితో జామ్, జామ్‌తో నా టిఫిన్ డబ్బా, క్రిస్మస్‌కి మిగిలిన రసంలో ముంచుకు తినే అరిసెలు. ఆ అరిసె కోసం దేవదూతలు రెక్కలు తాకట్టు పెట్టేవారని ఇప్పటికీ నా నమ్మకం.

కంపెనీకి ఇంకో ముఖ్య ఉద్యోగి దానియేలు మావయ్య. కరీంనగర్ వైపు మేస్త్రీ. ఒకప్పుడు జీతమంతా తాగేసేవాడట. సహవాసంలోకి వచ్చి, అందరి ముందూ లేచి నిలబడి, ఇక చుక్క ముట్టనని ఒట్టుపెట్టుకున్నాడు. రసం పులుపెక్కడం మొదలైతే మాకెవరికీ తెలిసేది కాదు, ఆయన ముక్కుకి తప్ప. నెలకోసారి, ప్రభు భోజనానికి ముందు గురువారం సాయంత్రం, లేబర్ క్యాంపు బస్సు దిగి నేరుగా మా వంటింటికొచ్చి, ఒక్కో సీసా మూత తీసి కళ్ళు మూసుకునేవాడు.

"మంచిగున్నదక్కా" అంటే ఆ సీసా బల్లకెక్కేది.

"గిది జర అటు దిక్కు చూస్తున్నదక్కా" అంటే తూములోకి.

ఒక ఆగస్టులో మా ఫ్రిజ్ చచ్చిపోయింది. బాగుచేసేవాడు వచ్చేసరికి ఒక రోజంతా గడిచింది. ఆ గురువారం మావయ్యకి ఓవర్‌టైం పడింది, రాలేదు. సీసాలు చల్లబడ్డాయి కదా అని అమ్మ ధైర్యం చేసింది.

మర్నాడు పళ్ళెం ముందు మగవాళ్ళ వరసల్లోకి వెళ్ళింది. డ్యూటీ బట్టల్లోనే వచ్చిన మావయ్య తన చిన్న గిన్నె ఎత్తి, పెదవి దగ్గర ఆగి, మెల్లగా తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు. మా సహవాసంలో గిన్నె వద్దన్నారంటే ఒక్కటే అర్థం, లోపల ఒప్పుకోని పాపం ఉందని. "మళ్ళీ మొదలెట్టినట్టున్నాడు" అని వెనక గుసగుస. రసం పులిసిందని ఒక్కమాటంటే చాలు, ఆయన పరువు దక్కేది, అమ్మ పరువు పోయేది. ఆయన తల దించుకుని కూర్చున్నాడు. మిగతావాళ్ళు ఈసారి రసం భలే ఘాటుగా ఉందని పెదాలు చప్పరించారు. డప్పు వాయించే అబ్బాయి అప్పటికే ఊగిపోతున్నాడు.

పళ్ళెం అమ్మ దాకా వచ్చింది. రసం నాలుక్కి తగలగానే అమ్మ మొహం తెల్లబోయింది. గుసగుసలు వచ్చిన వైపు చూసింది, మావయ్య వంచిన తల వైపు చూసింది. లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఆగండి. దానియేల్లో తప్పేం లేదు. నా రసం పులిసిపోయింది. అది తెలిసే ముట్టలేదు."

ఆడవాళ్ళ వైపు నుంచి అంత గొంతు అక్కడెవరూ విని ఉండరు.

తర్వాత మెట్ల మీద మావయ్య గొణిగాడు. "గట్లెందుకు చెప్పినవక్కా? నా పేరు ఎప్పుడో ఖరాబైందే గదా."

"ఆ పేరు బాగుచేసుకోడానికి నీకెంత కష్టమైందో నేను చూడలేదేంట్రా? నా సీసాలకేముంది, కడిగితే పోద్ది."

నిజంగానే కడిగేసింది. పాస్టరుగారు బతిమాలినా మళ్ళీ కాయలేదు. "తాగాలంటే భయపడేవాడు ఒక్కడున్నా అది ఆ బల్ల మీద ఉండకూడదండీ" అంది. సీసాలు మంచినీళ్ళకి పనికొచ్చాయి, చీర గుడ్డపీలికలైంది, గోడ మీది ఊదా మరకలు మాత్రం ఇల్లు మారేదాకా పోలేదు.

ఇప్పుడు ఆ బిల్డింగ్ లేదు, దాని చోట కార్లు నిలుపుతున్నారు. మావయ్య ఎప్పుడో ఇక్కడి ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఊరెళ్ళిపోయాడు. అమ్మ కూడా లేదు. ఈ డబ్బీ రసం ఏళ్ళు గడిచినా పులవదట, దానికి ముక్కుతో పనే లేదు.

అయినా మొన్న ఇంకోసారి పీల్చి, పక్కపిల్లకి వినిపించకుండా "మంచిగున్నదక్కా" అనుకుని, తాగాను.