సంగటి ముందు స్తోత్రం

మా నాయన ప్రార్థన మొదలుపెడితే సంగటి చల్లారాల్సిందే. రాగిసంగటి వేడిగా ఉంటేనే తిండి, చల్లారిందా రాయి. ఈ సంగతి దేవుడికి తెలుసో లేదో గానీ మా నాయనకు మాత్రం తెలీదని చిన్నప్పుడు నేను గట్టిగా నమ్మేదాన్ని. పళ్లెం ముందు కూచుని కళ్లు మూసుకుని, పేరుపేరునా స్తోత్రాలు చెప్పేవాడు. పాత చీరలిచ్చిన కదిరి భద్రమ్మ టీచరును బట్టి స్తోత్రం. సైకిలుకు ఊరికే పంచరు వేసిన షాపాయన్ను బట్టి స్తోత్రం. మందిరం పక్క చేని కుళ్లాయప్పను బట్టి, ఆయన బోరును బట్టి, ఆ బోరులో ఇంకా మిగిలిన తడిని బట్టి స్తోత్రం. అన్నీ అయ్యాక "నా కుటుంబాన్ని బట్టి స్తోత్రం" అనేవాడు. ఆ మాట చెవిన పడగానే నా చెయ్యి పళ్లెంలో ఉండేది.

ఒకసారి కోపమొచ్చి అమ్మనడిగాను. "పంచరాయన పేరు చెప్తాడు, నీ పేరు ఎందుకు చెప్పడు?"

"పెండ్లాం పేరు పెట్టి పిలిస్తే ఊరు నవ్వదా? కుటుంబం అంటే నేనే లే, తిను" అంది అమ్మ.

ఆమె చెప్పింది నిజమే. మా పక్క మొగుడూ పెళ్లాలు ఒకరి పేరు ఒకరు నోట పలకరు. నాయన అమ్మను "ఇదో" అనేవాడు, అమ్మ ఆయన్ను "రూతు నాయనా" అనేది. రూతు అంటే నేను. వాళ్లిద్దరూ అట్లాగే కాపురం చేశారు, ఆ పేర్లకు కొరతేమీ రాలేదు.

కదిరికి పోయే దారిలో గువ్వలగుట్టపల్లి మాది. నాయన అసలు పేరు బయ్యన్న. బాప్తిస్మంలో బర్నబా అని పెట్టారు గానీ ఊళ్లో ఎవరికీ నోరు తిరగక బయ్యన్న పాస్టరుగానే మిగిలాడు. మారెక్క అనే అమ్మకు మరియమ్మ అని పెట్టారు. "మారెక్కంటే దేవునికి తెలీదా యేం? పుట్టిచ్చినప్పుడు తెలిసింది గదా" అని అమ్మ ఆ కొత్త పేరును పెట్టెలో పెట్టి మూసేసింది.

మా తాత ఊరికి చాటింపు వేసేవాడు. ఆయన తర్వాత ఆ పని నాయనకొచ్చింది. తప్పెట మీద నాలుగు దెబ్బలు వేసి గొంతెత్తితే గుట్ట అవతల గొర్రెలు కాసేవాళ్లు కూడా తలెత్తి చూసేవాళ్లట. తర్వాత దేవుణ్ణి నమ్ముకున్నాడు, తప్పెట పక్కన పెట్టాడు. తొంభై ఏడులో కదిరి సంఘం పెద్దలు మా ఊరి మందిరాన్నీ, కాపురానికి దాని వెనక ఉన్న గదినీ ఆయనకు అప్పగించారు. మందిరంలో మైకు లేదు, నాయనకు అక్కర్లేదు కూడా.

"పాత పనే గదప్పా బయ్యన్నా. చాటించే సంగతి మారింది, అంతే" అనేవాడు కుళ్లాయప్ప. ఆయన మందిరంలో అడుగుపెట్టి ఎరగడు. శనివారం శనివారం కదిరి నరసింహస్వామికి దండం పెట్టుకొచ్చే మనిషి. కానీ ఆదివారం పొద్దున కలుపు తీసే నెపంతో మందిరం గోడ పక్కనే ఉండేవాడు. అక్కడ తీసినంత కలుపు ఆ చేన్లో ఇంకెక్కడా తీసినట్టు కనపడదు.

మా బతుకు పిడికెడు మీద నడిచేది. సంఘంలో ఆడోళ్లు వంటకు గింజలు కొలుచుకున్నాక, ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు వెనక్కి తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ మందిరానికొస్తుంది. అది పాస్టరు ఇంటి తిండి. పేరుకు పిడికెడు బియ్యం అంటారు గానీ మా దగ్గర రాగులు, కొర్రలు, జొన్నలు, ఏవుంటే అవే. అమ్మ అన్నీ కలిపి తిరగల్లో విసిరేది.

రెండువేల మూడు ఎండాకాలంలో నాయన గొంతు పోయింది. వానల్లేక సగం ఊరు బెంగళూరు కూలికి పోయింది. ఉన్నవాళ్లకు ధైర్యం చెప్పాలని నాయన పల్లెపల్లెకూ సైకిల్లో తిరిగి, ఎండలో నిలబడి, దుమ్ములో అరిచి అరిచి వాక్యం చెప్పాడు. మొదట గొంతు బొంగురుపోయింది. కుళ్లాయప్ప కరక్కాయ తెచ్చి బుగ్గన పెట్టుకోమన్నాడు. మిరియాల కషాయం అయింది, తేనె అయింది. కడకు ఒక ఆదివారం నోరు తెరిస్తే ఉత్త గాలి వచ్చింది.

భద్రమ్మ టీచరు కదిరి సంఘం మనిషే, రిటైరైంది, మోకాళ్ల నొప్పులు. అయినా తనే వెంటబడి నాయన్ను బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. ఆపరేషన్ చేసి డాక్టరు గట్టిగా చెప్పాడు. నెలల తరబడి నోరు మెదపకూడదు, గుసగుసలు కూడా వద్దు. ఆ తర్వాత గొంతు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా పాత గొంతు మాత్రం రాదు.

ఇంటికొచ్చిన రాత్రి స్తోత్రాల్లేక సంగటి వేడివేడిగానే ఉంది. అన్నేళ్లు దానికోసమే ఏడ్చినదాన్ని, ఆ రోజు పళ్లెంలో చెయ్యి పెట్టలేదు.

కొన్నాళ్లకు భద్రమ్మ టీచరు మళ్లీ వచ్చింది. ఈసారి సంఘం పెద్దల మాట మోసుకొచ్చింది. చెప్పలేక చెప్పలేక చెప్పింది. "వాక్యం చెప్పే మనిషి లేకుండా మందిరం ఎన్నాళ్లుంటాది మారెక్కా. వేరే ఆయన్ని పంపుతామంటున్నారు. ఈ గది ఆయనకు ఇయ్యాల గదా."

నాయన గోడవైపు తిరిగి కూచున్నాడు. ఆయన భుజాలు చూసి నాకు ఏడుపొచ్చింది. అమ్మకు మాత్రం ఏడుపు రాలేదు, కోపమొచ్చింది.

"కోతల పండగ దాకా ఆగమను టీచరమ్మా. అంతవరకూ నేను జెప్తా వాక్యం."

"నీకు చదువు రాదు గదమ్మా."

"రూతుకొచ్చు. అది చదువుతాది, నేను జెప్తా. ఇన్నేండ్లు ఆ గొంతు కిందనే కూసుంటి. చెవుల్లో దూది పెట్టుకోని లేనులే."

టీచరు పంటకోతలయ్యేదాకా పెద్దలను ఆపుతానని మాటిచ్చి పోయింది.

మొదటి ఆదివారం నేను బైబిల్లోంచి హాగరు కథ చదివాను. ఎడారిలో నీళ్లయిపోయి, బిడ్డను పొద కింద పడుకోబెట్టి దూరంగా కూచుని ఏడ్చిన తల్లి కథ. అమ్మ లేచి కొంగు బిగించింది. "ఈయమ్మ మనూరిదే అనుకోండి. బోరు ఎండిపాయ, ఇంట్లోంచి ఎల్లగొట్టిరి, సంకలో పిల్లోడు. యాడికి పోవల్ల?" అని మొదలుపెట్టింది. ముందు వరసలో ముసలి నాగలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుంది, ఆమె కోడలు బెంగళూరులో ఇటుకలు మోస్తోంది. "బాయి ఆడనే ఉండాది. ఏడుపుతో కండ్లు మూసుకుపోయి ఆయమ్మకు కనపళ్ళేదు, అంతే. కండ్లు తెరిపిచ్చేకి దేవుడొచ్చినాడు" అని ముగించింది. నాయన తల వంచుకుని విన్నాడు.

తర్వాత ప్రార్థన. అక్కడ చిక్కొచ్చింది. అమ్మ పేరుపేరునా అందరికోసం చేసింది, కుళ్లాయప్ప ఎద్దుల్ని కూడా వదల్లేదు. నాయన గొంతు కోసం చెయ్యాల్సి వచ్చేసరికి ఆగిపోయింది. "ప్రభువా, ఈ... ఈయప్పను... రూతు నాయన్ని..."

"పేరు చెప్పి అడుగు మే" అంది నాగలక్ష్మమ్మ కళ్లు మూసుకునే. "ఈయప్ప అంటే ఏ అప్పో దేవునికేం తెలుస్తాది?"

"తెలుస్తాదిలే అవ్వా. ఆమెన్" అంది అమ్మ. మందిరమంతా నవ్వింది. గోడ అవతల కుళ్లాయప్ప దగ్గినట్టు నవ్వాడు. చాలా రోజుల తర్వాత నాయన ముఖంలో కూడా నవ్వు చూశాను.

నా భయం పిడికెడు గురించి. పాస్టరు పలకనప్పుడు కుండలెందుకొస్తాయి, అందులోనూ కరువులో? ఆ ఆదివారం ఒక్క కుండ కూడా తగ్గలేదు. నాగలక్ష్మమ్మ కుండలో గింజలు ఎప్పటికన్నా ఎక్కువే ఉన్నాయి. ఆ కుండలు లోపలికి మోస్తూ నాకు సిగ్గేసింది, సంతోషమేసింది. ఆ మనుషుల రుణం నేను ఈ జన్మలో తీర్చలేను, తీర్చాలని వాళ్లూ అనుకోలేదు.

నాయన ఊరికే కూచోలేదు. ముసలివాళ్లకు నీళ్లు మోశాడు. జ్వరమొచ్చిన ఇంటికి పోయి మంచం పక్కన కూచునేవాడు. మాట్లాడని పాస్టరుతో జనం ఎక్కువ మాట్లాడారు. కుళ్లాయప్ప సాయంత్రమైతే వచ్చి మా అరుగు మీద కూచుని, ఎండిన బోరు గురించీ, పలకరించని కొడుకు గురించీ చెప్పుకునేవాడు. "నువ్వు మాట్లాడినన్నాళ్లూ నాకు సందు దొరకలేదప్పా" అన్నాడొకరోజు. నాయన ఆయన చెయ్యి పట్టుకుని అట్లాగే కూచున్నాడు.

ఆ ఏడు చెట్టుకు నాలుగు శెనక్కాయలు కాస్తే ఎక్కువ. అయినా కోతల పండగ చేశాం. మందిరం చాలదని కుళ్లాయప్ప తన కళ్లం ఇచ్చాడు, పేడతో తనే అలికించాడు. "నీ దేవునికి నా కళ్లం పనికొస్తాది గదా?" అని అమ్మనడిగాడు. "ఆయనే నీకు పనికొస్తాడు, రా కూచో" అంది అమ్మ. జనం గంపల్లో శెనక్కాయలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి ముందు పెట్టారు. బెంగళూరు పోయినవాళ్లలో కూడా చాలామంది బస్సెక్కి వచ్చారు. భద్రమ్మ టీచరుతోబాటు కదిరి పెద్దలు వచ్చి వెనక వరసలో కూచున్నారు. ఆ రోజు అమ్మ భయపడుతుందేమో అనుకున్నాను. నన్ను చూసి "గట్టిగా చదువు, మీ నాయన బిడ్డవు గదా" అంది.

వాక్యం అయ్యాక టీచరు లేచింది. పెద్దలతో ఏం మాట్లాడిందో గానీ ఆమె చెప్పింది చిన్నదే. "ఈ మందిరానికి ఇంకొకర్ని పంపే పని లేదు. చెప్పేది మారెక్క, చూసుకునేది బయ్యన్న." అందరూ హల్లెలూయ అన్నారు. అమ్మ అప్పటికే సంగటి కుండ దగ్గరికి వెళ్లిపోయింది.

జనం బంతిలో కూచున్నారు. విస్తళ్లలో సంగటి ముద్దలు పొగలు కక్కుతున్నాయి. అప్పుడు నాయన లేచి నిలబడ్డాడు. ఒకటి రెండు మాటలు ప్రయత్నించి చూడొచ్చని డాక్టరు ఆ వారమే చెప్పాడు. ఇంట్లో ఎంత అడిగినా ఆయన నోరు తెరవలేదు.

నాయన నోరు తెరిచాడు, గాలే వచ్చింది. నాగలక్ష్మమ్మ "ప్రభువా" అని గొణిగింది. నాయన గుటక వేసి మళ్లీ తెరిచాడు. ఈసారి బండ మీద చేద గీరుకున్నట్టు ఒక గొంతు వచ్చింది.

"తండ్రీ" అన్నాడు. ఆగాడు. ఆయన చెప్పాల్సిన పేర్లు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు, టీచరు, కుళ్లాయప్ప, పిడికెడు పెట్టిన చేతులన్నీ. అన్నిటికీ చాలే గొంతు కాదది.

"మారెక్కను బట్టి స్తోత్రం" అని కూచున్నాడు.

మా ఊళ్లో ఒక మొగవాడు పదిమందిలో పెళ్లాం పేరు చెప్పడం నేను వినడం అదే మొదలు. ఎవరూ నవ్వలేదు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని, గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నేను ఆమె పక్కకు పోయాను.

"ఏమ్మే, యెనక వరస దాకా ఇనపడిందంటావా?" అని అడిగింది మెల్లగా.

మూడో వరసకు కూడా వినపడలేదు.

"గుట్ట అవతల దాకా ఇనపడిందిమా" అన్నాను.