జోడెద్దుల బండి లెక్క

మా లెక్కల అయ్యవారు రెండు నెలల కిందట చిత్తూరులో తమ ఇంట్లో పోయారు. మూడు రోజులు జ్వరం వచ్చింది. నాలుగో రోజు పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నారు. మళ్లీ లేవలేదు. ఆ వార్త పత్రికకు పంపవలసిన పని నాదే అయింది. నాలుగు పంక్తులు వేశారు. జిల్లా బోర్డు హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పారు, వయసు అరవై రెండు, భార్య ఉన్నారు, సంతానం లేదు. అన్నీ నిజాలే. వాటిలో పట్టనివి కొన్ని నాకు తెలుసు. అవి ఇక్కడ రాస్తున్నాను.

తిరుపతిలో ఆయన నాకు మూడేళ్లు లెక్కలు చెప్పారు. జవాబు సరిగ్గా ఉన్నా, దానికి ఎలా వచ్చామో రాయకపోతే సున్నా వేసేవారు. దారి సరిగ్గా ఉండి జవాబు తప్పితే సగం మార్కులు. ఒకసారి పక్కవాడి పలక చూసి జవాబు దించుకున్నాను. ఆయన నా పలక చేతికి తీసుకుని, "జవాబు బాగుండాది. ఆడికి యెట్ల పోయినావో దోవ సూపించు" అన్నారు. చూపించలేకపోయాను. ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను. ఎవరైనా ఒక మాట చెబితే, అది వాళ్లకు ఎలా తెలిసిందో ఇప్పటికీ ముందు అడుగుతాను.

తర్వాత ఆయనకు చిత్తూరు బదిలీ అయింది. నా ఉద్యోగమూ అక్కడే కుదరడంతో ఆయన ఇంటికి రెండిళ్ల అవతల అద్దెకు దిగాను. ఆదివారాలు ఆయన పంచలో జరిగేది అలా చూశాను.

బోర్డు బడి పంతుళ్లకు సర్కారు పింఛను లేదు. ఉద్యోగం విరమించిన రోజు ప్రావిడెంటు ఫండు డబ్బు ఒక్కసారిగా చేతికి వచ్చేది. నెల జీతం తప్ప పెద్ద మొత్తం ఎన్నడూ చూడనివాళ్లకు అది చేతిలో నిప్పు. కొందరు వడ్డీకి తిప్పి అసలే పోగొట్టుకున్నారు. కొందరు నీళ్లు లేని మెట్ట కొన్నారు. మదరాసులో ఒక బీమా కంపెనీ ఉండేది. ఆ డబ్బు తమకు కడితే బతికినంతకాలం నెలనెలా ఇంత పంపుతామనేది. దాన్ని యాన్యుటీ అనేవారు. అందులోనూ మూడు రకాలు. ఏది పుచ్చుకోవాలో తెలియక జనం మా అయ్యవారి దగ్గరికి వచ్చేవారు.

ఆయన ఆ మూడింటికీ తన పేర్లు పెట్టుకున్నారు. మొదటిది ఒంటెద్దు బండి. నెలకు వచ్చేది అన్నిటికంటే ఎక్కువ. మనిషి పోయిన రోజుతో ఆగిపోతుంది. రెండోది పదేళ్ల గుత్త. కొంచెం తక్కువ వస్తుంది. మనిషి ముందే పోయినా పదేళ్లు నిండేదాకా ఇంటివాళ్లకు ఇస్తారు. మూడోది జోడెద్దుల బండి. అన్నిటికంటే తక్కువ. భార్యాభర్తల్లో ఎవరు ముందు పోయినా, మిగిలినవారికి బతికినంతకాలం అదే మొత్తం వస్తుంది.

ఆయనకు ఒక నియమం ఉండేది. పంచలో రెండు పీటలు వేసేవారు. రెండూ నిండితే తప్ప పలక పట్టేవారు కాదు. చంద్రగిరి నుంచి ఒక డ్రిల్లు మాస్టరు రైలెక్కి ఒక్కడే వచ్చాడు. మనిషి ఆరడుగులు, గొంతు ఇంకా పెద్దది.

"ఇంటామె యాడప్పా?" అన్నారు అయ్యవారు.

"ఇంట్లో ఉండాది. ఆమెకేం తెలుస్తాది అయ్యోరా, ఇది లెక్కల సంగతి గదా."

"లెక్క నేనేస్తాను. బతకాల్సింది ఆమె గదా. పోయి పిలుచుకోని రా."

"ఇంత దూరం వచ్చినాను సామీ! రైలు చార్జీ..."

"రెండో తూరి ఇద్దరికీ పెట్టుకో. మొదటి తూరే ఆమెను పిలుచుకోని వచ్చుంటే ఒగ చార్జీ మిగిలేది. ఇది మొదటి లెక్క."

డ్రిల్లు మాస్టరు గొణుక్కుంటూ వెళ్లి, మరుసటి ఆదివారం భార్యతో వచ్చాడు. ఆమె అతని కంటే పదకొండేళ్లు చిన్నది. పీట అంచున, ఇప్పుడో ఇంకాసేపటికో లేచి వెళ్లేలా కూర్చుంది. అయ్యవారు పలక మీద మూడు అంకెలు వేసి, ఏది ఏమిటో చెప్పారు.

"నేను ఒంటెద్దుకే మొగ్గినాను అయ్యోరా. ఏడు రూపాయలు ఎక్కువ వస్తాది, సూడండి" అన్నాడు డ్రిల్లు మాస్టరు.

ఆమె మెల్లగా అడిగింది: "ఈయన పోతే నాకు ఎంత వస్తాది?"

"ఒంటెద్దులో అయితే ఏమీ రాదమ్మా."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఈ మాట ఇంట్లో సెప్పలేదే నువ్వు?"

"నేను యాడికి పోతానే? రోజూ దండాలు తీస్తాను!"

"మీ నాయన గూడా తీసినాడు" అంది ఆమె.

అయ్యవారు నవ్వలేదు. పలక మీద జోడెద్దుల అంకె కింద గీత గీసి ఆమె వైపు తిప్పారు. "ఎక్కువ ఏది అని అడగొద్దప్పా. ఎవురికి, ఎన్నాళ్లు అని అడుగు" అన్నారు. ఆ మాట ఆయన నోట నేను చాలాసార్లు విన్నాను. అందరికీ ఒకటే జవాబు మాత్రం ఇచ్చేవారు కాదు. భార్య పోయి, పిల్లలు స్థిరపడిన తిరుపతి పంతులుకు ఒంటెద్దే మేలన్నారు. కొడుకు ఇంకా బడిలో ఉన్న ఇంకొకాయనకు గుత్త చెప్పారు. వాళ్లు వెళ్లగానే తడిగుడ్డతో పలక తుడిచేసేవారు. ఒకరి అంకె ఇంకొకరి కంట పడనివ్వలేదు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు.

యుద్ధం మొదలైన రెండేళ్లకు ఆయన వంతు వచ్చింది.

కంపెనీ ఏజెంటు ఫారాలు పట్టుకుని వచ్చాడు. సాక్షి సంతకాలకు ఇద్దరు కావాలి. ఒకణ్ని నేను. రెండోవాడు అప్పటికి స్నేహితుడైపోయిన డ్రిల్లు మాస్టరు. ఏజెంటుకు కుర్చీ వేశారు. అయ్యవారు ఒక పీట మీద కూర్చుని, రెండో పీట పక్కన వేసుకుని భార్యను పిలిచారు. మేమంతా ఆమెను అయ్యవారమ్మ అనేవాళ్లం. అన్ని జంటలకూ మజ్జిగ ఇచ్చిన మనిషి. ఆ పీట మీద కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

"ఒంటెద్దుకు నెలకు ఇరవై ఆరు వస్తుంటే జోడుకు ఎందుకు పోతారు సార్?" అన్నాడు ఏజెంటు. అయ్యవారు జోడు ఫారం వైపు వేలు చూపించారు. ఏజెంటు అది తీశాడు. జోడు బండికి భార్య వయసు ముఖ్యం. ఆమె చిన్నదైతే ఎక్కువ కాలం ఇవ్వాలి కాబట్టి నెలకు తక్కువ ఇస్తారు. పెద్దదైతే కొంచెం ఎక్కువ. ఇంట్లో ఉన్న జాతకం చూసి ఏజెంటు చదివాడు: "వికృతి నామ సంవత్సరం. అంటే యాభై ఒకటి. నెలకు పందొమ్మిది రూపాయలు." కలం సిరాలో ముంచాడు.

"ఆగప్పా" అన్నారు అయ్యవారు. "ఆమెను అడుగు."

"జాతకం ఉంది కదండీ?"

"ఆమెను అడుగు."

అయ్యవారమ్మ తల వంచుకునే లేచి లోపలికి వెళ్లింది.  పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. గుడ్డలో చుట్టిన ఒక తాటాకు తెచ్చి ఆయన చేతికి ఇచ్చింది.

"అది రాయించొద్దండి. అది పెండ్లికి మా నాయన తిరగరాయించింది. ఇది నేను పుట్టినప్పుడు మా తాత రాసింది."

అయ్యవారు అద్దాలు సరిచేసుకుని చదివారు. పార్థివ నామ సంవత్సరం. ఆయన పుట్టింది ఆ మరుసటి ఏడు, వ్యయలో. పంచలో ఉన్న మా అందరికీ ఆ లెక్క తెలుసు.

"అంటే..." అన్నాడు డ్రిల్లు మాస్టరు, ఆ పెద్ద గొంతును వీలైనంత తగ్గించి. "అయ్యోరమ్మే పెద్దా?"

పెళ్లికూతురు పెళ్లికొడుకు కంటే ఏడాది పెద్దదంటే ఆ రోజుల్లో సంబంధం కుదరదు. అందుకని ఆడపిల్ల తండ్రులు కొత్త జాతకం రాయించేవారు. చాలా ఇళ్లలో జరిగిన పనే. బయటపడితే మాత్రం ఊరంతా నవ్వుతుంది.

ఏజెంటు మంచివాడే. "ఎందుకమ్మా ఇప్పుడు తవ్వడం? ముందు చూసిన జాతకమే పెడదాం. కంపెనీకి నష్టం లేదు. మీకే నెలకు రెండు రూపాయలు తగ్గుతుంది" అన్నాడు.

ఆమె మొదటిసారి తలెత్తి అతనితో మాట్లాడింది. "రెండు రూపాయల కోసరం కాదు నాయనా. ఈయన లేని రోజు మీ కంపెనీవాళ్లు ఈ కాగితం సూసి తప్పుండాది అంటే, నా పక్కన నిలబడి సెప్పేదానికి ఎవురుండారు? మాకు పిలకాయలు లేరు. కాగితమే నాకు బిడ్డ. అది దొంగబిడ్డ కాకూడదు."

 తర్వాత ఆమె మొగుడి వైపు తిరిగి, "ఇన్నేండ్లు దాచినందుకు నన్ను తిట్టండి" అంది.

"దాచిందేముండాది? నాకు తెలుసు గదా" అన్నారు ఆయన.

"తెలుసా! ఎప్పుటినుంచి?"

"పెండ్లయిన మూడో ఏడు. మీ అక్క వయసు తెలుసు, మీ తమ్ముని వయసు తెలుసు. నడమ నువ్వు ఇమడాల గదా. జాతకం సెప్పిన కాడ సందు లేదు."

"మరి సెప్పలేదే?"

"అది నీ లెక్క. నువ్వే సెప్పాల. నేను పీట ఏసినాను, అంతే."

ఫారంలో యాభై ఆరు అని రాశారు. పుట్టిన సంవత్సరం గురించి ఆమె తమ్ముడు మేజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం రాసిచ్చాడు. నెలకు ఇరవై ఒక్క రూపాయి ఖాయమైంది. ఏజెంటు చూపించిన చోట నేనూ, డ్రిల్లు మాస్టరూ సాక్షి సంతకాలు పెట్టాం; పైన పేర్లు చదవలేదు. నేను ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. డ్రిల్లు మాస్టరు చంద్రగిరి చేరేలోపు పాకాల స్టేషన్లో కూడా చెప్పాడు. వారం రోజుల్లో చిత్తూరంతా పాకింది. కొళాయి దగ్గర ఆడవాళ్లు అయ్యవారమ్మకు దారి ఇచ్చి, "పెద్దోళ్లు ముందు పట్టుకోండి" అని మూతులు తిప్పారు. ఆమె బిందె నింపుకుని వచ్చేసేది. కచేరి దగ్గర ఒక ప్లీడరు గుమాస్తా అయ్యవారినే నిలేశాడు.

"ఏమయ్యోరా, పెద్దదాన్ని చేసుకున్నారంటనే?"

"అవునప్పా. అందుకే నెలకు రెండు రూపాయలు ఎక్కువ వస్తాది. మీ ఇంట్లో గూడా ఒగతూరి పెట్టె అడుగున వెతికి సూడు" అన్నారు ఆయన.

ఆ తర్వాత ఆయన్ను ఎవరూ అడగలేదు. కొన్నాళ్లకు ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పాత తాటాకులు కొంగులో దాచుకుని ఆ పంచకు వచ్చారని మాత్రం నాకు తెలుసు.

ఆయన లెక్కలు తప్పలేదని నేను రాయను. ఒకచోట తప్పాయి. యుద్ధం సాగిన కొద్దీ ధరలు పెరిగాయి. రేషను బియ్యానికి వరసలో నిలబడ్డాం. కంపెనీ పంపే రూపాయలు మాత్రం ఒక్కటీ పెరగలేదు. రాసుకున్న మొత్తం రాసుకున్నట్టే వచ్చేది. ఆ డబ్బుకు మునుపటి సామానులో సగం కూడా రాని రోజులు వచ్చాయి. అయ్యవారు అప్పుడు ఒక పని చేశారు. తన సలహా తీసుకున్న వాళ్ల ఇళ్లకు ఒక్కొక్కటిగా తానే వెళ్లారు. తిరుపతి, చంద్రగిరి కూడా వెళ్లారు. గడపలో నిలబడి, "నా లెక్కలో బియ్యం ధర లేదప్పా. అది నేను ఎయ్యాల్సింది. నాది తప్పు" అని చెప్పి వచ్చారు. డ్రిల్లు మాస్టరు, "యుద్ధం వస్తాదని మీకేం తెలుసు సామీ, కూసోండి" అన్నాడట. "ధర పెరగతాదని తెలుసు. దానికి యుద్ధమే రావాల్నా?" అన్నారట ఈయన.

అప్పటి నుంచి పీటల మీదికి కొత్తగా వచ్చినవాళ్లకు మొత్తం డబ్బు కంపెనీకి కట్టవద్దనేవారు. తిండికి సరిపోయేంత జోడెద్దులకు కట్టి, మిగిలింది నీళ్లున్న నేల మీదనో, పోస్టాఫీసులోనో చేతికి అందేలా ఉంచుకోమనేవారు. తన డబ్బు అంతా ముందే కట్టేసి ఉన్నందువల్ల తాను మాత్రం పొద్దున ప్రైవేట్లు చెప్పుకుని లోటు పూడ్చుకున్నారు. పోవడానికి వారం ముందు దాకా చెప్పారు. తప్పు చేసినవాళ్లను చాలామందిని కలిసి వార్తలు రాశాను. ఎవరూ అడగకముందే గడప గడపకూ వెళ్లి తప్పు చెప్పుకున్న మనిషిని ఆయన్నొక్కణ్నే చూశాను.

ఆయన పోయాక నెల మనియార్డరు రాలేదు. కంపెనీకి మరణ ధ్రువపత్రం కావాలి, భార్య కాగితాలు మళ్లీ చూడాలి. అయ్యవారి పేరు మీద ఉత్తరం నేనే రాశాను; ఆమె కాగితాలు ఆమే మడిచి కవరులో పెట్టి అంటించింది. రెండో నెలా సగం గడిచింది.  ఇంటికి వెళితే అయ్యవారమ్మ ఒక్కమాట మాత్రం అడిగింది: "వయసు దగ్గర ఏమన్నా అడ్డం పెట్టినారా నాయనా?" తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

మొన్న బుధవారం పదకొండు గంటలకు పోస్టుమ్యాన్ వీధి మొదట్లో నిలబడి ఒక పేరు పిలిచాడు. కొత్తవాడు. ఆ పేరు గల మనిషి ఈ వీధిలో లేరని మా ఎదురింటి ముసలాయన చెప్పాడు. కొళాయి దగ్గర ఉన్న ఆడవాళ్లూ లేరన్నారు. నాకూ తెలియలేదు. అతను ఇంకొంచెం గట్టిగా, ఇంటిపేరు కలిపి పిలిచాడు.

అయ్యవారమ్మ పంచలోకి వచ్చింది. "నేనే" అంది.

ముప్పై ఏళ్లు ఎరిగినవాళ్లం కూడా ఆమె పేరు ఎన్నడూ వినలేదు. అడగకుండా ఇక్కడ రాయడం మర్యాద కాదు. పోస్టుమ్యాన్ మెట్టెక్కి సంచీ దించాడు. ఆమె గోడకు ఆనించి ఉన్న పీటలు రెండూ తీసి వేసింది. ఒకదాని మీద అతన్ని కూర్చోమని, రెండోదాని మీద తాను కూర్చుంది. ఇరవై ఒక్క రూపాయి. అతను ఫారం చాచి, సంతకం ఎక్కడో వేలితో చూపించాడు.

ఆమె కలం అందుకుని ఆగింది.

"పైన ఎవురి పేరుండాదో ఇంకొగతూరి సదువు నాయనా" అంది.

అతను చదివాడు. కొళాయి దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నాయి. ఎవరూ పక్కకు తీయలేదు.