హీరో రుచి చూసే పెడతాడు

గిద్దలూరులో బోరు మోటార్ల సామాన్లమ్మే జగన్నాథానికి తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం వక్కపొడి అలవాటు కూడా లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క పిచ్చి. ప్రేమ నవలలో హీరో తన ప్రియురాలికి ఏం వండిపెడితే, ఆయన దుకాణం నుంచి ఇంట్లోకొచ్చి భార్య దుర్గాంబకు అదే వండిపెడతాడు. యాభై ఆరేళ్ళ వయసులో, పట్టపగలు, వీధి తలుపు బార్లా తీసిపెట్టి మరీ.

ఆ తలుపు దగ్గరే దుర్గాంబ ప్రాణం పోయేది. మొగుడు వంట చేయడం ఒక సిగ్గయితే, ఆ సంగతి వీధిలో అందరికీ కనపడడం ఇంకో సిగ్గు. ఆవిడ లేచి తలుపేసేది. గాలి ఆడడం లేదని ఆయన తీసేవాడు. రోజూ ఆ తలుపు పడే బాధ కూడా తక్కువేం కాదు.

నవలలు ఆయన చదవడు, వింటాడు. మార్కాపురంలో కాపురముంటున్న కూతురు ప్రియాంక, నాన్న భక్తి పాటలు వింటాడు గదా అని ఫోన్లో ఏదో యాప్ పెట్టి ఇచ్చింది. ఆయన భక్తి దాకా పోకుండా ప్రేమ దగ్గరే ఆగాడు. దుకాణంలో బల్ల మీద ఫోను పెట్టి, సౌండు పూర్తిగా పెంచేవాడు. కొమరోలు నుంచి, రాచర్ల నుంచి స్టార్టర్లకూ పైపులకూ వచ్చిన రైతులు ఎండన పడి వచ్చి నిలబడితే, ఫోన్లో ఎవరో అమ్మాయి తియ్యటి గొంతుతో చెప్పేది: "ఆమె కళ్ళలోకి చూస్తూ అతను ఉప్మా కలిపాడు."

కొమరోలు చెంచయ్య పాత ఖాతాదారు. మోటారు వాషర్ల కోసం వచ్చి, వాషర్లు మర్చిపోయి అడిగేవాడు.

"ఆ పిల్ల తినిందా లేదా సెట్టిగారూ?"

"తినలేదు. అలిగింది."

"ఎందుకంట?"

"వాళ్ళ నాయన పెళ్ళికి ఒప్పుకోలేదంట."

"నాయన ఒప్పుకోకపోతే ఉప్మా ఏం చేసింది పాపం," అని చెంచయ్య నిజంగానే నొచ్చుకునేవాడు. ఇదంతా దుకాణం వెనక ఇంట్లో ఉన్న దుర్గాంబకు వినపడుతూ ఉండేది. ఆవిడ చెవుల్లో కొంగు కుక్కుకునేది.

ఆ నవలల్లో హీరోలు మామూలోళ్ళు కారు. ఒకడికి నాలుగు ఫ్యాక్టరీలు, ఇంకొకడికి విమానం. ఇంటినిండా వంటవాళ్ళు. అయినా సరే, హీరోయిన్ మొహం కాస్త వాడితే చాలు, కోటు విప్పి కుర్చీ మీద వేసి, చొక్కా చేతులు మడిచి వంటింట్లోకి దిగుతారు. జగన్నాథానికి కోటు లేదు. అందుకని చొక్కానే విప్పి, మోటారు కంపెనీవాళ్ళు ఉచితంగా ఇచ్చిన టీ షర్టు తగిలించుకునేవాడు. దాని వీపు మీద 'లోతెంతైనా నీళ్ళు పైకే' అని రాసుండేది. ఆ అవతారంలో భార్య ముందు నిలబడి, నవల్లోంచి ఏరుకొచ్చిన మాట అనేవాడు.

"నువ్వు కూర్చో దుర్గా. నేనున్నాను గదా."

"మీరున్నారనే గదండీ నా ఏడుపు."

హీరో బల్ల మీద గులాబీ పెట్టాడని విన్న రోజు ఆయన కంచం పక్కన బంతిపువ్వు పెట్టాడు. హీరో కొవ్వొత్తులు వెలిగించాడని విన్న రోజు మధ్యాహ్నం పన్నెండుకు కొవ్వొత్తి వెలిగించాడు. పక్కింటి రేణుక కిటికీలోంచి చూసి, కరెంటు మాకే ఉందా మీకు లేదా అని అడగడానికి వచ్చింది. దుర్గాంబ ఏం చెప్పాలో తోచక ఉందనీ లేదనీ రెండూ చెప్పింది. హీరో పాస్తా చేసినప్పుడు ఆయన సేమ్యాలో టమాటాలు వేసి ఉడికించి, ఇది ఇటలీ అన్నాడు. ఆవిడ దాన్ని తినడానికి పడ్డ కష్టం ఇటలీవాళ్ళకు తెలిస్తే క్షమాపణ చెప్పుకునేవాళ్ళు.

వీటన్నిటికంటే ఆవిడకు తలకొట్టేసినట్టుండేది ఇంకొకటుంది. ఆ ఇంట్లో దేవుడికి నైవేద్యం పెట్టకుండా వంట నాలుక మీద వేసుకోరు. అత్తగారి కాలం నుంచి అదే పద్ధతి. దుర్గాంబ ముప్పై ఏళ్ళు వాసన పట్టుకుని, చేతి అంచనాతో వండింది. జగన్నాథమేమో గరిటెతో తీసి, అరచేతిలో వేసుకుని చప్పరించేవాడు.

"ఎంగిలి చేస్తారేందండీ, దేవుడికి పెట్టకముందే."

"హీరో రుచి చూసే పెడతాడే."

"హీరోకి దేవుడు లేడా?"

"ఉన్నాడు. హీరోయినే."

ఆ మాట కిటికీ అవతలున్న రేణుకకు కూడా వినపడింది. దుర్గాంబ వారం రోజులు కొళాయి దగ్గరికి పోలేదు. ఇంత చేసి, తీరా తినబోతే ఆయన వంటలో ఉప్పే ఉండేది కాదు. ఆవిడ ఆ మాట అంటే, డాక్టర్లు తగ్గించమంటున్నారు లెమ్మని ఆయన మాట దాటేసేవాడు.

ఈ పిచ్చి ఎప్పుడు మొదలైందో వీధికంతా తెలుసు. పోయినేడు వాసవీ అమ్మవారి జయంతికి గుళ్ళో పులిహోర దుర్గాంబే కలిపింది. ఏటా ఆవిడే. గిద్దలూరు వైశ్యుల ఇళ్ళల్లో పులిహోర అంటే దుర్గాంబ చెయ్యి అనేవారు. ఆ ఏడు మాత్రం మొదటి బంతిలోనే జనం మొహాలు మాడ్చుకుని నీళ్ళు నీళ్ళని కేకలు పెట్టారు. ఉప్పు కషాయం. వడ్డిస్తున్న దుర్గాంబ చేతిలో బేసిను అట్లాగే ఉండిపోయింది. అప్పుడు జగన్నాథం బంతి మధ్యకొచ్చి నిలబడి చెంపలు వేసుకున్నాడు.

"తప్పు నాది. ఆమె అటు తిరిగినప్పుడు, తక్కువైందేమోనని ఇంకో నాలుగు గుప్పిళ్ళు నేనేసినా."

జనం తిట్టి, ఆనక నవ్వారు. దుర్గాంబ సిగ్గుతో మెతుకు ముట్టకుండా ఇంటికొచ్చి పడుకుంది. ఆ తర్వాత వారానికే ఫోన్లో నవలలు మొదలయ్యాయి. ప్రసాదం పాడుచేసిన మనిషి బుద్ధి తెచ్చుకుని వంటింటికి దూరంగా ఉండాల్సింది పోయి, ఏకంగా అందులో కాపురం పెట్టాడు.

చివరికి కబురు దర్శి దాకా పోయింది. దర్శిలో జగన్నాథం అక్కగారుంటారు. మాట దాచుకునే మనిషి కాదు. ఒకరోజు ఫోన్ చేసి, "ఏం దుర్గా, మా తమ్ముడు నీకు వండిపెడుతున్నాడంట, నువ్వు మంచాన పడినావా ఏంది?" అని అడిగింది.

దుర్గాంబకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. "అట్లాంటిదేం లేదు వదినా. ఆదివారం మీరే వచ్చి చూడండి. నా చేత్తో వండి పెడతా," అంది. ఆదివారం అని ఎందుకందంటే, ఆ రోజు జగన్నాథం సరుకు కోసం మార్కాపురం పోవాలి. ఒక్క పూట వంటిల్లు తన చేతికొస్తే చాలు. దర్శి వదిన తిని మెచ్చుకుందంటే ఆ మాట మార్కాపురం, కంభం, గిద్దలూరు మూడూళ్ళకూ అదే పోతుంది. పోయిన పరువు పప్పన్నంతో తిరిగొస్తుంది.

ఆదివారం తెల్లవారి మొదటి బస్సుకు జగన్నాథాన్ని సాగనంపి, ఆవిడ కొంగు బిగించింది. అప్పుడు పప్పు డబ్బా మూత తీసింది. కందిపప్పులో చింతచిగురు, గుత్తి వంకాయ, చారు, అలసంద వడలు. నైవేద్యం పెట్టి, వదినకు విస్తరి వేసి వడ్డించి, ఎదురుగా నిలబడింది.

వదిన ఒక ముద్ద తినింది. చెంబెత్తి నీళ్ళు తాగింది. వంకాయ కొరికింది. మళ్ళీ తాగింది.

"ఎట్లుంది వదినా?"

"ఇంకొంచెం నీళ్ళు పొయ్యి."

మెచ్చుకోవడానికి మాట రావడం లేదనుకుంది దుర్గాంబ. సరిగ్గా అప్పుడే జగన్నాథం దిగాడు. అక్కను చూసి, విస్తరిని చూసి, గబగబా కాళ్ళు కడుక్కొని కూర్చున్నాడు. పప్పన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అక్క వైపు చూశాడు.

"అక్కా, తిట్టొద్దు. పప్పులో, వంకాయలో ఉప్పు నేనేసినా. పొద్దున పోయేముందు వేసి, ఆమెకు చెప్పడం మర్చిపోయినా. ఆమె మళ్ళీ వేసుంటుంది."

"నీకు బుద్ధి ఎప్పుడొస్తాదిరా," అని అక్క అందుకుంది. "నాడు అమ్మవారి ప్రసాదం, నేడు ఇంటికొచ్చిన ఆడబిడ్డ అన్నం. నీ చేతులు కట్టేసి పెట్టాల. ఆ పిల్ల ఎట్ల వేగుతాందో నీతో."

జగన్నాథం తల వంచుకుని తిట్లన్నీ శ్రద్ధగా తిన్నాడు. అన్నం కంటే అవే నయమన్నట్టు తిన్నాడు.

దుర్గాంబ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆయన బస్సెక్కినప్పుడు పొయ్యి వెలిగించనే లేదు. పప్పు డబ్బాలోనే ఉంది. వంకాయలు రేణుకతో తెప్పించింది తొమ్మిదింటికి. ఆయన ఉప్పు వేసింది దేంట్లో?

ఆవిడ వంటింట్లోకి పోయి, గిన్నెలో మిగిలిన పప్పు వేలితో తీసి నాలుక మీద వేసుకుంది. కమ్మగా ఉంది. ఉప్పు సరిగ్గా సరిపోయింది. మరి వదిన అన్ని నీళ్ళు తాగింది దేనికి?

వదిన పెరుగన్నంతో సరిపెట్టుకుని నడుం వాల్చాక, దుర్గాంబ మొగుణ్ణి వంటింట్లోకి పిలిచింది. ఆ ఏడాదిలో ఆయన్ను ఆ గదిలోకి పిలవడం అదే మొదటిసారి.

"ప్రసాదంలో కూడా మీరెయ్యలేదు గదా?"

ఆయన పోపులపెట్టె మూత సవరించాడు.

"చెప్పండి."

"రెండేళ్ళ కిందట నీకు జ్వరమొచ్చింది చూడు. అది తగ్గినాక నీ నాలుకకు ఉప్పు తెలియట్ల. రోజూ చప్పగుందని ఒక చిటికె పెంచుకుంటూ పోయినావు. నేను మజ్జిగ కలుపుకొని తినేవాణ్ణి."

"నాకు చెప్పొచ్చు గదా."

"ఎట్ల చెప్తా? నీకున్న పేరంతా ఆ చెయ్యే. గుళ్ళో అంతమంది ముందర నీ మొహం చూసినా. ఆ మొహంతో నీకేం చెప్తా?"

"అయితే ఈ నవలలెందుకు?"

"ఉత్తగా వంటింట్లోకి వస్తే ఎందుకొచ్చినావని అడుగుతావు. పిచ్చి పట్టిందనుకుంటే తిడతావు గానీ అడగవు." గొంతు తగ్గించి అన్నాడు. "మొదట సాకేలే. ఇప్పుడు మాత్రం నిజంగానే బాగున్నాయి."

దుర్గాంబకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపు కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన్ను చూసి సిగ్గుపడింది. ఆయన టీ షర్టు, ఆయన కొవ్వొత్తి, ఆయన మాట, అన్నిటికీ. ఆ సిగ్గంతా ఇప్పుడు ఆవిడ మీదకే వచ్చి కూర్చుంది. వీధి వీధంతా నవ్వుతుంటే తనూ ఆ వీధి పక్షమే చేరింది గదా అనిపించింది.

జయంతి దగ్గరపడింది. గుడి కమిటీ ప్రెసిడెంటు ఇద్దరు పెద్దలతో దుకాణానికి వచ్చాడు. బల్ల దగ్గర చెంచయ్య వాషర్లు ఏరుకుంటున్నాడు. రేణుక గడపలో కూరగాయలు బేరమాడుతోంది. దుర్గాంబ మంచినీళ్ళు తెచ్చింది.

"అమ్మా, ఈసారి కూడా పులిహోర మీ చేతి మీదనే. ఒకటే విన్నపం. ఆ రోజు జగన్నాథాన్ని వంటశాల దరిదాపులకు రానీయొద్దు."

"రాను, రాను," అని జగన్నాథం వినయంగా తల ఊపాడు. ఊపుతూనే, ఒంట్లో బాగుండట్లేదని చెప్పి తప్పించుకొమ్మని భార్యకు కళ్ళతో సైగ చేశాడు.

సరేనంటే సరిపోయేది. ఒంట్లో బాగాలేదన్నా సరిపోయేది. పేరు భద్రంగా ఉండేది. దుర్గాంబ నీళ్ళ గ్లాసులు బల్ల మీద పెట్టింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఉప్పు ఆయనే కొలిచి వెయ్యాల. ఆయన రాకపోతే నేనూ రాను," అంది.

"మళ్ళీ ఆయనా తల్లీ?"

"పోయినేడు ఉప్పు వేసింది ఆయన కాదు. నేను. నా నాలుకకు ఉప్పు తెలియదు, రెండేళ్ళయింది. నా తప్పు ఆయన మీదేసుకున్నాడు."

చెంచయ్య చేతిలో వాషరు అట్లాగే ఉండిపోయింది. గడపలో బేరం ఆగింది. జగన్నాథం బల్ల వెనకనుంచి ఒక్క ఉదుటున లేచాడు.

"నమ్మొద్దండీ. మొగుణ్ణి కాపాడుకోవాలని చెప్తాంది. వేసింది నేనే, నాలుగు గుప్పిళ్ళు."

"ఆయన ఆ పక్కకే రాలేదు. అరటాకులు కడుగుతున్నాడు."

"ఆకులు కడిగి వచ్చి వేసినా."

"ఉప్పు బస్తా ఏ మూలన ఉండింది, చెప్పండి చూస్తాం."

ఆయన నోరు తెరిచి, తూర్పో పడమరో తేల్చుకోలేక మూశాడు. ప్రెసిడెంటు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, తలపాగా సవరించుకున్నాడు. "అయ్యా, మా కాలంలో నేను కాదంటే నేను కాదని కొట్టుకునేవాళ్ళు. నేనంటే నేనని కొట్టుకుంటే కమిటీ ఏం తీర్పు చెప్తాది? ఇద్దరూ రాండి. కలిపి ఏడవండి," అని నీళ్ళు తాగి లేచాడు.

వాళ్ళు పోయాక జగన్నాథం కుర్చీలో కూలబడ్డాడు. నిజంగానే కోపమొచ్చింది ఆయనకు.

"ఏడాది పొడుగునా కష్టపడి సంపాయించుకున్న చెడ్డపేరు. ఒక్క మాటతో పోగొట్టినావు గదే."

"పోతే పోయిందిలెండి," అంది దుర్గాంబ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "మీరు తలుచుకుంటే ఇంకొకటి తెచ్చుకోవడం ఎంతసేపు?"